లేని జబ్బుకి కృతజ్ఞత కూడిక

పేతురు మాస్టారు చర్చిలో ముందు బెంచీ వదిలిపెట్టి, తలుపు పక్కనున్న ఆఖరి బెంచీకి మారిపోవడం పేరమ్మలంకలో పెద్ద వార్తే అయింది. లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషాయన. సంఘపెద్ద. ఊళ్ళో ఏ సభ జరిగినా అధ్యక్షుల కుర్చీ ఆయన కోసమే తుడిచి పెడతారు. అలాంటాయన చెప్పులు విడిచే చోట కూర్చుంటున్నారేమిటని కొన్నాళ్ళు చెవులు కొరుక్కున్నారు. చివరికి పాస్టరుగారే తేల్చేశారు. ఓ ఆదివారం ప్రసంగం మధ్యలో, "తగ్గింపు జీవితం ఎలా ఉంటుందో మన పేతురు మాస్టారిని చూసి నేర్చుకోవాలండి" అన్నారు. సంఘమంతా మెడలు తిప్పి వెనక్కి చూసింది. మాస్టారు బెంచీ మీద లేరు. చర్చి వెనక దొడ్డిగోడ దగ్గర ఉన్నారు.

తగ్గింపూ లేదు, పాడూ లేదు. ప్రసంగం మొదలైన కాసేపటికే ఆయనకి లేచి వెళ్ళవలసి వస్తోంది. వెళ్ళినా పని సవ్యంగా అవదు. నిలబడి నిలబడి, అయిందనిపించుకుని వచ్చి కూర్చుంటే, పాట అందుకునేలోగా మళ్ళీ మొదలు. ముందు బెంచీలోంచి అన్నిసార్లు లేస్తే పరువేం కావాలి? పెళ్ళికి వెళ్ళినా ముందు దొడ్డిదారి ఎటో చూసుకుని, తర్వాతే పెళ్ళికొడుకుని చూసేవారు. అమలాపురం బస్సెక్కడం మానేసి ఏడాది దాటింది.

"ఏవండీ, ఓసారి డాక్టరుగారికి చూపించుకోకూడదండీ?" అని భార్య ఎలీసమ్మ అడుగుతూనే ఉంది. ఆవిడా హిందీ పండితురాలిగా చేసి రిటైరైంది.

"వయసు, ఎలీసమ్మా. వయసొస్తే ఇవన్నీ మామూలే."

"వయసు నాకూ వచ్చిందండి. నేను ప్రసంగం మొత్తం వింటున్నాను."

మాస్టారు పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

ఆయన్ని తప్పుపట్టడమూ పూర్తి న్యాయం కాదులెండి. ఆ ఊళ్ళో ఓ పద్ధతుంది. ప్రతి ఆదివారం ప్రార్థన మనవులని, ఇళ్ళల్లో ఆడవాళ్ళు రాసిచ్చిన జబ్బుపడ్డవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు. ఉద్దేశం మంచిదే, సంఘమంతా కలిసి ప్రార్థించాలని. కానీ ఆ మైకు రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. ఆటో స్టాండుకీ, టీ కొట్టుకీ, అవతల రొయ్యల చెరువుల దగ్గరున్న వాళ్ళకీ కూడా ఖణీమని వినిపిస్తుంది. నిరుడు "మూలశంకతో మిక్కిలి బాధపడుచున్న మన సహోదరుడు గంగబాబు కొరకు" అని చదివేశారు. అప్పట్నుంచి ఆ గంగబాబు టీ కొట్టు బెంచీ మీద కూర్చోబోతే చాలు, "నెమ్మదండి, నెమ్మదండి" అనేవారు నలుగురూ. పాపం, వాడు టీ తాగడమే మానేశాడు. అది చూశాక ఊళ్ళో మగవాళ్ళందరూ, బొడ్డుకి కింద వచ్చే ఏ జబ్బూ పెళ్ళాలకి చెప్పకూడదని ఎవరికి వాళ్ళే తీర్మానించుకున్నారు.

ఆ మగతనం ఎంత పని చేసిందో చెప్పాలంటే రాజేంద్ర సంగతి చెప్పాలి. మాస్టారి పక్కింటి లోవరాజు, కొబ్బరికాయల వర్తకుడు, అతని అన్నే రాజేంద్ర. నడుం నొప్పి అన్నాడు. తైలాలు రాశాడు, బెల్టు కట్టాడు, కోతలయ్యాక చూపించుకుంటానన్నాడు. తీరా చూపించుకునేసరికి ప్రోస్టేట్ కాన్సరనీ, ఎముకల్లోకి పాకిపోయిందనీ చెప్పారు. మనిషి దక్కలేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం నడుం నొప్పితో పోయాడనే చెప్పుకున్నారు. ఊరూ సరేనంది. నడుం నొప్పయితే ఎవరికీ సిగ్గు లేదు కదా!

ఇదంతా ఇలా ఉండగా కువైట్‌లో పనిచేసే ఆ ఊరి శ్యామ్ బాబు సెలవు మీద దిగాడు. అక్కడ కంపెనీ వాళ్ళు యాభై దాటిన వాళ్ళందరికీ రక్తపరీక్ష చేయిస్తే, అతని ఫోర్‌మన్‌కి ఈ జబ్బే మొదట్లోనే బయటపడింది, వైద్యం చేయించుకుని మళ్ళీ డ్యూటీకి వచ్చేశాడు. అది కళ్ళారా చూసిన శ్యామ్ బాబు, మనూళ్ళోనూ ఓ శిబిరం పెట్టిద్దాం అన్నాడు. అధ్యక్షులెవరన్న ప్రశ్నే రాలేదు, పేతురు మాస్టారే. ఫ్లెక్సీ కూడా తనే వేయించాడు. పైన ఎర్రక్షరాలతో 'ప్రోస్టేట్ కాన్సర్‌పై పోరాటం'. మధ్యలో చేతులు జోడించిన పేతురు మాస్టారి నిలువెత్తు ఫోటో. శిబిరం ఎప్పుడు, ఎక్కడ అన్న సంగతి అడుగున, చీమలు బారులు తీరినంత అక్షరాల్లో. దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా సెంటర్లో కట్టించాడు.

శిబిరం రోజు కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. ఆడవాళ్ళతో. మోకాళ్ళ నొప్పులకి బిళ్ళలిస్తారని ఎవరో చెప్పారట. మగవాళ్ళూ వచ్చారు, బీపీ చూపించుకున్నారు, అరటిపండూ బిస్కట్లూ తీసుకుని గోడవారన నిలబడ్డారు. రక్తం తీసే బల్ల దగ్గరికి మాత్రం ఒక్కడూ వెళ్ళలేదు. వెళ్తే అక్కడేదో ఉందని ఒప్పుకున్నట్టే కదా.

అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. ముందు జాగ్రత్త గురించి, మగవాడి అజ్ఞానం గురించి, సిగ్గు అనే చెడ్డ గుణం గురించి ఆవేశంగా చెప్పారు. ఎదుటివాడికి చెప్పేటందుకేగా నీతులు! మధ్యలో ఓసారి "ఇప్పుడే వస్తానండి" అని దిగి వెళ్ళి వచ్చి, అజ్ఞానం దగ్గర ఆపింది సిగ్గు దగ్గర అందుకున్నారు. తర్వాత డాక్టరు హేమ లేచింది. ఆ ఊరి పిల్లే, మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు అమలాపురంలో ప్రాక్టీసు చేస్తోంది.

"మూత్రాశయం కింద ఉసిరికాయంత గ్రంథి ఉంటుందండి మగవాళ్ళకి. వయసుతో అది పెరగడం మామూలే. కాన్సరు రావడం వేరే. గొడవేంటంటే, కాన్సరు మొదట్లో చాలామందికి ఏ బాధా ఉండదండి. బాధ తెలిసేసరికి ఆలస్యం అయిపోవచ్చు. అందుకని యాభై దాటిన వాళ్ళు, ఇంట్లో నాన్నకో అన్నకో వచ్చినవాళ్ళయితే ఇంకా ముందే, డాక్టరుతో మాట్లాడి ఈ రక్తపరీక్ష చేయించుకోవాలండి." అంతే చెప్పి, మాస్టారి వైపు తిరిగింది. "ముందు మీరివ్వండి మాస్టారండీ. మీ వెనకాల అందరూ వస్తారు."

"అధ్యక్షుణ్ణి కదమ్మా, ఆఖర్న ఇస్తాను" అన్నారు మాస్టారు. ఆఖరు వచ్చేసరికి ఆయన హాల్లో లేరు.

శిబిరం అయితే అయిపోయింది గానీ ఫ్లెక్సీ అక్కడే ఉండిపోయింది. మా వైపు సెంటర్లో ఒక మనిషి బొమ్మ లేచిందంటే లెక్క ఒకటే. పుట్టినరోజన్నా అయ్యుండాలి, పదవన్నా వచ్చుండాలి, లేదా పోయన్నా ఉండాలి. మరి జబ్బు పేరేసి, కింద దణ్ణం పెడుతున్న పెద్దమనిషిని వేస్తే ఏమనుకుంటారు? ఆటో స్టాండు వాళ్ళు అనుకోవలసిందే అనుకున్నారు. "మాస్టారికి కాన్సరంట. సాయం చెయ్యమని దణ్ణం పెడుతున్నారు పాపం" అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. వెనక బెంచీ సంగతి కూడా అప్పుడే అర్థమైందన్నారు.

తెల్లారేసరికి స్త్రీల సమాజం అధ్యక్షురాలు క్రిస్టీనా బృందం ఇంటిమీద దిగిపోయింది. కొబ్బరిబొండాల గెల, బత్తాయిలు, హార్లిక్సు సీసాలు. వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న మాస్టారి తలమీద అందరూ చేతులు పెట్టేసి ప్రార్థన మొదలుపెట్టారు. లేవడానికి వీల్లేదు. ఆయన అవస్థ ఆయనది. ఆమెన్ అనగానే పెరట్లోకి పరుగెత్తి, తిరిగొచ్చి, "అమ్మా, నాకే జబ్బూ లేదు. మీరు పొరబడ్డారు" అన్నారు గట్టిగా.

క్రిస్టీనా కళ్ళు చెమర్చాయి. "ఆయ్, ఆ విశ్వాసమే కావాలండి. లేదు అన్నారు చూడండి, ఇంక లేనట్టేనండి."

"లేనట్టే కాదమ్మా. అసలు రాలేదు."

"ఆమెన్ అండి" అన్నారు ఆడవాళ్ళందరూ.

ఆదివారం మైకులో ఆయన పేరు చదివారు, జబ్బు పేరుతో సహా. మర్నాడు పాలు పోసేవాడు డబ్బా కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. గంగబాబు అయితే వచ్చి, చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసండి ఆ బాధేంటో" అన్నాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం దాచిపెట్టుకున్న పరువు, లేని జబ్బుకి బలైపోతే ఎలా? అప్పుడు వచ్చింది ఆయనకి ఆలోచన. ఆ రక్తపరీక్షేదో చేయించుకుని, ఏమీ లేదని తేలగానే అదే మైకులో చదివించి, అదే సెంటర్లో ఇంకో ఫ్లెక్సీ కట్టించాలి. అంటే, ప్రాణభయానికి కదలని మనిషిని రోషం అమలాపురం తీసుకెళ్ళింది.

ఆయన రక్తం ఇచ్చి వచ్చిన రోజునే క్రిస్టీనా మళ్ళీ వచ్చింది. "శనివారం మీ పెరట్లోనే కృతజ్ఞత కూడిక పెట్టేమండి. పాస్టరుగారు వస్తానన్నారు. వంటవాళ్ళకి చెప్పేసేం, బిర్యానీ."

"దేనికమ్మా కృతజ్ఞత?"

"అదేంటండి. మీరే కదా లేదన్నారు. మా ప్రార్థనకి జవాబు వచ్చేసిందండి."

మాస్టారు ఏదో అనబోయి, ఎలాగూ శుక్రవారానికి ఫలితం వస్తుంది, శనివారం అందరి ముందూ చెప్పుకోవచ్చు కదా అని ఊరుకున్నారు. ఊరుకోవడం కాదు, లోపల కొంచెం సంతోషించారు కూడా.

శుక్రవారం ఎలీసమ్మతో కలిసి మళ్ళీ అమలాపురం వెళ్ళారు. డాక్టరు హేమ నవ్వుతూనే కూర్చోబెట్టింది గానీ, ఆ నవ్వులో తేడా ఉందని ఏళ్ళ తరబడి పిల్లల మొహాలు చదివిన ఆ మనిషికి ఇట్టే తెలిసిపోయింది.

"రక్తంలో పీఎస్ఏ అని చూస్తామండి, అది ఉండవలసినదానికన్నా బాగా ఎక్కువుందండి మాస్టారండీ. ఎక్కువ ఉన్నంత మాత్రాన కాన్సరే అనుకోకూడదండి. చేత్తో కూడా ఓసారి పరీక్ష చెయ్యాలి."

మాస్టారు కుర్చీలో వెనక్కి జరిగారు. "నువ్వా తల్లీ?"

"పక్క గదిలో సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఉన్నారండి, సర్జనుగారు. ఆయన చూస్తారు."

ఏ పరీక్షకి భయపడి మగవాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు ఎగ్గొడుతున్నారో అది, మాస్టారు చొక్కా గుండీలు విప్పాలా వద్దా అని తేల్చుకునేలోగానే అయిపోయింది. విప్పక్కర్లేదట. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు చేతులు కడుక్కుంటూ, ఓ పక్క గట్టిగా తగులుతోందనీ, కాకినాడ వెళ్ళి స్కానింగ్ తీయించుకుని, గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించుకుంటేనే ఉందో లేదో తేలుతుందనీ చెప్పారు.

"ఉంటేనండి?" అని అడిగింది ఎలీసమ్మ.

"ఉంటే, ఇంకా గ్రంథి దాటలేదనే అనుకుంటున్నానండి. ఇప్పుడైతే పూర్తిగా బాగుచేసే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యం మాత్రం చెయ్యకండి. సోమవారం రమ్మని నేను ఫోన్ చేసి చెప్తాను."

ఆటోలో తిరిగి వస్తుంటే ఆయన్ని భయం పట్టుకుంది. చచ్చిపోతానన్న భయం అది. దానికి వేరే పేరు పెట్టడానికి చదువుకున్న చదువు ఏదీ పనికి రాలేదు. ముమ్మిడివరం దాటాక గొంతు సవరించుకున్నారు. "సోమవారం అంటే మరీ తొందర ఎలీసమ్మా. రేపు కూడిక ఉంది కదా. జనం ఏమనుకుంటారు? క్రిస్మస్ అయిపోనీ, నిమ్మళంగా వెళ్దాం."

ఎలీసమ్మ బయటికి చూస్తూనే అంది. "రాజేంద్రగారు కూడా కోతలయ్యాక అనే అన్నారండి."



శనివారం పెరడంతా టెంటు. మతం తేడా లేకుండా ఊరంతా వచ్చింది, బిర్యానీకి మతం ఏమిటి? మొదటి వరసలో లోవరాజు. ఓ పక్క గంగబాబు. క్రిస్టీనా బృందం కొత్త చీరల్లో. మాస్టారి పని ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. ఏమీ లేదని చెప్పేస్తే గౌరవంగా బయటపడిపోవచ్చు. కానీ తగ్గిపోయిందని మైకులో సాక్ష్యం చెప్పినవాడు సోమవారం ఆసుపత్రికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? నోరు జారితే కాకినాడ దారి మూసుకుపోయినట్టే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తున్న ఎలీసమ్మకీ తెలుసు.

"కాన్సరు కోరల్లోంచి విడుదల పొందిన మన పేతురు మాస్టారు ఇప్పుడు సాక్ష్యం చెప్తారండి" అన్నారు పాస్టరుగారు. చప్పట్లు కొట్టారు.

మాస్టారు మైకు పట్టుకున్నారు. బిర్యానీ దగ్గర గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

"వందనాలండి. నాకే జబ్బూ లేదని మీ అందరితో అన్నాను. తెలిసి అనలేదు, తెలుసుకోవాలంటే భయమేసి అన్నాను. ఏడాదిగా నాకు ఒంటికి వెళ్ళడం కష్టంగా ఉందండి. మా ఆవిడ మొత్తుకుంటున్నా వినలేదు. శిబిరం పెట్టి, మీకందరికీ చెప్పి, నేను పారిపోయేను. మొన్న పరీక్ష చేయించుకుంటే తేడా ఉందన్నారు. కాన్సరు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఎల్లుండి కాకినాడ వెళ్తే తెలుస్తుంది."

మాస్టారు లోవరాజు వైపు చూశారు.

"లోవరాజూ, ఏమీ అనుకోకు. రాజేంద్ర నడుం నొప్పితో పోలేదు. నడుం నొప్పితో ఎవరూ పోరు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిజం చెప్పుకోడానికి సిగ్గుపడి మనందరం కలిసి వాడికి ఇంకో జబ్బు తగిలించేం."

లోవరాజు తల వంచుకున్నాడు. పాస్టరుగారు దేన్నో వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నారు. క్రిస్టీనా లేచి నిలబడింది. ఆవిడ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. "మరి మా ప్రార్థన ఏమైనట్టండి, మాస్టారండీ?"

"విన్నాడమ్మా దేవుడు. మీరు వచ్చి నా పరువు తియ్యకపోతే నేను ఆ పరీక్షకి వెళ్ళేవాణ్ణే కాదు."

"స్తోత్రం" అన్నారు పాస్టరుగారు, ఒడ్డు దొరికినంత హాయిగా.

మాస్టారు మైకు ఇచ్చేయబోయి, మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు. "శ్యామ్ బాబు కాకినాడకి వ్యాను మాట్లాడేడండి. వెళ్ళేది నేనూ మా ఆవిడే. వ్యాను నిండా ఖాళీయే. ఆపైన మీ ఇష్టం."

బిర్యానీ మాత్రం ఎవరూ మానలేదు. కానీ తింటున్నంతసేపూ ఏ మగవాడూ పక్కవాడి మొహం చూడలేదు. చెయ్యి కడుక్కుని, "వస్తామండి" అని గొణిగి, గుట్టుగా వెళ్ళిపోయారు. మాస్టారికి మనసు చివుక్కుమంది. ఇంత నోరు విప్పీ ఏం లాభం అనుకున్నారు.

సోమవారం పొద్దున్న వ్యాను వచ్చి సెంటర్లో ఆగింది. టీ కొట్టు దగ్గర తెల్ల చొక్కాలు కనిపించాయి. గంగబాబు ముందుకొచ్చి, కాకినాడలో బ్యాంకు పనుంది, దింపేస్తారా అని అడిగాడు. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన మోటారు సామాను కొనాలన్నాడు. ఇంకొకాయన కోడలి నగ మెరుగు పెట్టించాలన్నాడు, చేతిలో నగ ఉన్న జాడ మాత్రం లేదు. పాస్టరుగారు ఎవరో సహోదరుణ్ణి పరామర్శించాలన్నారు. ఆ సహోదరుడి పేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. లోవరాజు ఏ కారణమూ చెప్పకుండా ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. యానాం వంతెన మీద నుంచి గోదావరిని చూస్తూ అందరూ రాజకీయాలు మాట్లాడారు. బ్యాంకు దాటింది, మోటారు కొట్లు దాటాయి, నగల వీధి మలుపూ దాటింది. ఎవరూ ఆపమనలేదు.

ఆసుపత్రిలో కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి ఇంతమందిని చూసి ముఖం చిట్లించింది. "పేషెంటు ఎవరండి?"

"నేనండి" అన్నారు పేతురు మాస్టారు.

"మరి వీళ్ళందరూ?"

మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. ఒకాయన ఫ్యాను చూస్తున్నాడు. ఒకాయన ఫోను చూస్తున్నాడు. మాస్టారు జాలిపడి, "తోడు వచ్చేరమ్మా" అన్నారు.

లోవరాజు ఆయన్ని పక్కకి జరిపి కిటికీ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించుకోవాలని కూడా అనుకోలేదు. "తోడు కాదండి. మా అన్నయ్య ప్రోస్టేట్ కాన్సరుతో పోయేరండి. నాకూ రక్తం తియ్యండి."

ఆ అమ్మాయి తలూపి, తర్వాత ఎవరండి అని అడిగింది. పాస్టరుగారు లోవరాజు వెనకాల నిలబడ్డారు, ఆయన వెనక గంగబాబు.